‘బోతె’ పడవా, డబ్బానా? స్పానిష్ అకాడమీ ఆన్‌లైన్ నిఘంటువు ఎలా ఉంది

షాంపూ డబ్బా, పెయింటు డబ్బా, పాలపొడి డబ్బా: స్పెయిన్‌లో ఇవన్నీ ‘బోతె’లే. ఈ ఒక్క మాటనే అనువాద యాప్‌లో కొడితే ‘పడవ’ అని రావచ్చు. అదీ తప్పు కాదు, అక్కడే చిక్కు. దాన్ని విప్పడానికి 1713లో పుట్టిన స్పానిష్ అకాడమీ ఉచితంగా అందిస్తున్న ఆన్‌లైన్ నిఘంటువును మించింది లేదని మా అభిప్రాయం.

బోతె అని వెతకగానే అదే మాట చిన్న అంకెలతో విడివిడిగా కనిపిస్తుంది. ఆ అంకెల్ని వదిలేయకండి. ఒక బోతె గెంతడానికి సంబంధించింది, ఇంకొకటి ఇంగ్లీషు నుంచి వచ్చిన పడవ. మనకు కావలసింది కాతలాన్ భాషలోని ‘పోత్’ నుంచి వచ్చిన బోతె. అర్థం కంటే ముందు వ్యుత్పత్తి చూస్తే సరైన చోటే ఆగుతారు.

నిర్వచనం చెప్పేది ఇది: చిన్న పాత్ర, ఎక్కువగా స్తంభాకారం, మందులు, నూనెలు, నిల్వ పదార్థాలు దాచేది. దేనితో చేస్తారన్న షరతు లేదు. అందుకే సూపర్‌మార్కెట్లో ఉడికించిన శనగల గాజుసీసా కూడా బోతే. మన ‘డబ్బా’ దీనికి బాగా దగ్గర. ‘తార్రొ’ అంటే గాజుతోనో పింగాణీతోనో చేసిన జాడీ, వెడల్పు కంటే ఎత్తు ఎక్కువ. మెడ సన్నగా ఉంటే ‘ఫ్రాస్కొ’. రేకుది ‘లాతా’.

నిఘంటువులో అర్థం పక్కన ఉండే దేశాల గుర్తులు కూడా చదవాలి. మెక్సికోలో ‘బోతె దె బసూరా’ అంటే చెత్తడబ్బా, వట్టి ‘బోతె’ అంటే వాడుకలో జైలు. స్పెయిన్ బార్లలో టిప్పులు పోగేసే డబ్బా కూడా బోతే.

లోటు ఒకటుంది. వివరణంతా స్పానిష్‌లోనే, కాబట్టి మొదటి నెలలో ఇది కొరుకుడు పడదు. రెసిపియెంతె (పాత్ర), గుఆర్దార్ (దాచడం), విద్రియొ (గాజు) లాంటి మాటలు వచ్చాక తెరవండి. ఉచ్చారణకు, మాటల్ని పలికి వినిపించే ఫోర్వో వెబ్‌సైట్‌లో స్పెయిన్‌వాళ్ల గొంతు వినండి. ఇంగ్లీషు అలవాటుతో ‘బోటె’ అనేస్తారు. అది మన ‘త’, నాలుక పళ్లకు తగలాలి.

రాసుకునేటప్పుడు ‘ఎల్ బోతె’ అని ఆర్టికల్‌తోనే రాసుకోండి, పుంలింగమని గుర్తుంటుంది. చివర ‘ఆ’ చేర్చి ‘బోతా’ అంటే బూటు అయిపోతుంది. ‘బోతె దె పింతూరా’ సాధారణంగా పెయింటు ఉన్న డబ్బా. ఖాళీది అడగాలంటే ‘బోతె వసీయొ’ అనాలి.