గంట కొట్టని బడిలో ఏడేళ్లు

మా అమ్మాయి తొమ్మిదో ఏట చేరి పదహారో ఏట బయటికి వచ్చిన బడిలో మార్కులు లేవు, హోంవర్క్ లేదు, ఏ పూట ఏం చదవాలో చెప్పేవారు లేరు. ఇలాంటి బడులన్నీ ఒక్కటే అనుకుని చేర్చడం నేను చేసిన మొదటి పొరపాటు. 1921లో మొదలై ఇప్పుడు ఇంగ్లండులో నడుస్తున్న సమ్మర్‌హిల్‌లో టైంటేబుల్ ప్రకారం పాఠాలు జరుగుతాయి, వాటికి వెళ్లడం మానడం మాత్రం పిల్లల ఇష్టం. 1968లో అమెరికాలో మొదలైన సడ్‌బరీ వ్యాలీ పద్ధతిలోనైతే పిల్లలు కోరితే తప్ప పాఠమే ఉండదు, ఏ టీచరు వచ్చే ఏడాది కొనసాగాలో కూడా పిల్లల ఓటు తేలుస్తుంది. మాది ఈ రెండో తరహా బడి. చేర్చే ముందు ఈ తేడా అడిగి తెలుసుకోవడం చాలా అవసరం.

మొదటి పద్నాలుగు నెలలు మా అమ్మాయి మట్టితో బొమ్మలు చేయడం తప్ప మరేమీ చేయలేదు. రోజూ సాయంత్రం "ఇవాళ ఏం నేర్చుకున్నావు" అని అడిగేదాన్ని. ఆ ప్రశ్న మానడానికి నాకు ఏడాది పట్టింది. పదమూడో ఏట, బట్టీలో కాల్చినప్పుడు బొమ్మలు ఎందుకు పగులుతున్నాయో తెలుసుకోవాలని పట్టుబట్టి, ఉష్ణోగ్రతల లెక్కల కోసం భిన్నాలూ శాతాలూ రెండు మూడు నెలల్లో నేర్చేసుకుంది. అయితే ఆ ముచ్చట చెప్పి అందరి పిల్లలూ అలాగే నేర్చుకుంటారనడం నిజాయితీ కాదు.

నా దృష్టిలో ఆ బడి అసలు బలం పాఠాల స్వేచ్ఛలో కన్నా వారం వారం జరిగే సమావేశంలో ఉంది. ఆరేళ్ల పిల్లకూ అరవై ఏళ్ల టీచరుకూ అక్కడ ఒక్కొక్క ఓటే. ఒకసారి మా అమ్మాయి తడిమట్టిని బల్ల మీద అలాగే వదిలేసి వెళ్లిందని తనకన్నా నాలుగేళ్లు చిన్నవాడైన పిల్లవాడు ఫిర్యాదు రాసి ఇచ్చాడు. పిల్లలే ఉన్న న్యాయసంఘం ఇద్దరినీ కూర్చోబెట్టి విని, రెండు రోజులు ఆమె మట్టిగదిలోకి వెళ్లకూడదని తీర్పు చెప్పింది. ఇంటికి వచ్చి చాలా ఏడ్చింది గాని, తీర్పు అన్యాయమని మాత్రం అనలేదు. నేను తిట్టి ఉంటే తప్పకుండా అని ఉండేది. 2000లో సమ్మర్‌హిల్‌పై ప్రభుత్వ తనిఖీ అధికారులు తెచ్చిన అభ్యంతరాల వివాదం కోర్టులో రాజీకి వచ్చినప్పుడు, ఆ రాజీని ఒప్పుకోవాలా వద్దా అని విద్యార్థులు కోర్టు హాల్లోనే సమావేశం పెట్టి ఓటు వేశారు; ఆ సంగతి చదివినప్పుడు నాకు ఏమాత్రం వింతగా తోచలేదు.

ఇక నా ఫిర్యాదు. మా అమ్మాయికి రాయడమంటే భయం, రెండేళ్లపాటు ఆమె పెన్ను పట్టకుండా తప్పించుకుంటూ వచ్చింది, ఆ సంగతి ఎవరూ మాకు చెప్పలేదు. అడిగితే "తనకు కావలసినప్పుడు తనే అడుగుతుంది" అన్నారు. ఇష్టం లేక మానడం వేరు, చేతకాక దాక్కోవడం వేరు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి గనుక, ఆ తేడా కనిపెట్టే పెద్దవాళ్లు లేని చోట స్వేచ్ఛ పేరుతో పిల్లలను గాలికి వదిలేసినట్టే అవుతుంది. అల్లరి పిల్లలు సమావేశంలో అందరి కంటా పడతారు, మాట్లాడని పిల్లలు ఎవరికీ పట్టరు. చివరికి బయటి పరీక్షకు కట్టినప్పుడు లెక్కలు సులభంగానే గట్టెక్కాయి, వ్యాసాలు రాయడానికి మాత్రం ఎనిమిది నెలలు విడిగా శిక్షణ ఇప్పించాల్సి వచ్చింది.

ఆమె తమ్ముడిని కూడా అక్కడే చేర్చాలనుకున్నాము. వాడు వారం రోజులు ఉండి చూసి, తనకు గంట కొట్టే బడే కావాలన్నాడు. ఏడేళ్లు అక్కడి పద్ధతిని సమర్థిస్తూ వచ్చిన నాకు, ఆ కోరిక కాదనడానికి ఒక్క కారణమూ దొరకలేదు.