ఏడాదిన్నరగా గ్రూప్ థెరపీకి వెళ్తున్నాను: నొప్పి, భయం, నా అనుభవం

రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకిందని తెలిసిన రెండు నెలలకు చేరాను. వారానికోసారి గంటన్నర, ఎనిమిది మందిమి, నడిపేది ఒక సైకాలజిస్టు.

ముందు నొప్పి సంగతి చెప్తాను, ఎందుకంటే నేను చేరింది దానికోసమే. ప్రతిసారీ చివర్లో కాసేపు సెల్ఫ్ హిప్నాసిస్ చేయిస్తారు, కళ్లు మూసుకుని నొప్పి ఉన్నచోట చల్లటి నీళ్లు తగిలి మొద్దుబారుతున్నట్టు ఊహించుకోవాలి. మొదటి నెల నాకేమీ తెలియలేదు. తర్వాత ఒక అర్ధరాత్రి, మాత్ర వేసుకుని అది పనిచేసేలోపు మంచం అంచు పట్టుకుని కూర్చుని అదే చేశాను. నడుములో సలుపు పోలేదు, కానీ గుండె దడ తగ్గింది. జబ్బు ఇంకా పెరిగిందేమో అన్న కంగారే నొప్పిని రెట్టింపు చేస్తోందని ఆ రాత్రి తెలిసింది. సున్నా నుంచి పదిలో 7 అని చెప్పేదాన్ని ఇప్పుడు ఎక్కువగా 4 అంటున్నాను. మధ్యలో రేడియేషన్ కూడా ఇచ్చారు కాబట్టి ఇదంతా గ్రూప్ వల్లే అనను, నొప్పికి వాడే మార్ఫిన్ కూడా మానలేదు.

స్కాన్ రిపోర్టు టెన్షన్ మాత్రం కచ్చితంగా ఇక్కడే తగ్గింది. మాలో ఒకావిడ కవరు విప్పకుండా అలాగే తెచ్చి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ఎవరూ ధైర్యం చెప్పలేదు, పక్కావిడ మాత్రం "అందులో ఏ మాట కనిపిస్తుందని భయం?" అని అడిగింది. "కాలేయం" అంది. ఆ మాట బయటికొచ్చాక ఆవిడే కవరు చింపి చదివింది.

ఏడో నెలలో మా గ్రూప్‌లో ఒకరు చనిపోయారు. రెండు వారాలు వెళ్లలేకపోయాను, మానేద్దామనుకున్నాను కూడా. వెళ్లేసరికి ఆవిడ కుర్చీ అలాగే ఉంది, సైకాలజిస్టు దాన్ని తీయించలేదు, మాట మార్చలేదు, ఆ గంటన్నరా ఆవిడ గురించే మాట్లాడుకున్నాం. చావు అన్న మాట ఇంట్లో ఎవరితోనూ అనలేకపోయిన నేను ఆరోజు నా చావు గురించి, పిల్లల గురించి గొంతు వణక్కుండా చెప్పగలిగాను. నాకు అన్నిటికన్నా మేలు చేసింది అదే.

దీనికన్నా ముందు వేరేచోట ఒక గ్రూప్‌లో నాలుగు వారాలు ఉన్నాను. ఒకరే గంటసేపు మాట్లాడేవారు, ఎవరైనా ఏడిస్తే "పాజిటివ్‌గా ఉండండి, తగ్గిపోతుంది" అనేవారు, నడిపించేవాళ్లు ఆపేవారు కాదు. జబ్బు పెరిగితే నా ఆలోచనలదే తప్పన్నట్టు అనిపించి మానేశాను.

ఆయుష్షు పెరుగుతుందని మాత్రం చేరకండి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో సైకియాట్రిస్టు డేవిడ్ స్పీగెల్ బృందం, రొమ్ము క్యాన్సర్ వేరేచోట్లకు పాకిన 86 మంది మీద చేసి 1989లో ప్రచురించిన పరిశోధనలో గ్రూప్‌లో ఉన్నవాళ్లు సగటున ఏడాదిన్నర ఎక్కువ బతికారని వచ్చింది, ఇప్పటికీ చాలామంది దాన్నే చెప్తారు. కానీ కెనడాలో 235 మందితో చేసి 2001లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో బతికిన కాలంలో తేడా కనిపించలేదు. మనసులో బాధ, నొప్పి మాత్రం తగ్గాయి, అదీ మొదట్లో ఎక్కువ బాధపడుతున్నవాళ్లలో. నా విషయంలో జరిగింది సరిగ్గా అదే.

చేరేముందు నడిపే మనిషిని ఒకటే అడగండి, గ్రూప్‌లో ఎవరైనా చనిపోతే ఏం చేస్తారని. తడబడితే ఇంకోచోట చూసుకోండి.