అక్షరాలను బొమ్మగా మార్చడానికి పిల్లోనా, బ్రౌజరా?

చిన్న ప్రోగ్రాముతో తెలుగు వాక్యాన్ని పీఎన్‌జీ బొమ్మగా మార్చడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి: పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో బొమ్మల పనికి వాడే పిల్లో లైబ్రరీతో నేరుగా గీయడం, లేదా వాక్యాన్ని హెచ్‌టీఎంఎల్ పేజీగా రాసి, తెర మీద కనిపించకుండా నడిచే క్రోమ్‌తో స్క్రీన్‌షాట్ తీయించడం.

ఖర్చు: రెండూ ఉచితమే.

బరువు: పిల్లో కొద్ది మెగాబైట్లతో సరిపెట్టుకుంటుంది; బ్రౌజరు వందల మెగాబైట్ల స్థలాన్ని, దానికి తగ్గ మెమరీని అడుగుతుంది.

శ్రమ: పిల్లోలో సాధారణంగా మాటల పొడవు కొలిచి, పంక్తిని ఎక్కడ విరవాలో మనమే లెక్కగట్టాలి. బ్రౌజరుకు వెడల్పు చెబితే చాలు.

ముప్పు: అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. పిల్లో తన సాదా అమరికలో ఒక్కొక్క యూనికోడ్ సంకేతానికి (కంప్యూటరులో ప్రతి అక్షరానికీ, గుర్తుకూ ఇచ్చిన సంఖ్యకు) ఒక్కొక్క ఆకారాన్ని పక్కపక్కన పేరుస్తుంది గనుక, "స్త్రీ" అన్న మాటలో తకార రకారాలు వత్తులుగా మారక విడివిడిగా నిలబడతాయి. అక్షరాల అమరికను చూసుకునే రాక్మ్ లైబ్రరీ తోడుంటే, అక్షరాలను కలిపి సరైన రూపాలిచ్చే హార్ఫ్‌బజ్ అనే మరో లైబ్రరీ సాయంతో వత్తులు సరిగ్గా కుదురుతాయి. అది లేనప్పుడు, రాక్మ్ అమరికే కావాలని మనం ప్రత్యేకంగా కోరకపోతే, పిల్లో ఏ హెచ్చరికా లేకుండా సాదా పద్ధతికి దిగిపోతుంది. ఇంగ్లీషు వాక్యంతో మాత్రమే పరీక్షించినవారికి ఈ లోపం కనబడదు. బ్రౌజరులో ఈ బెడద లేదు గానీ, వెబ్ ఫాంటు పూర్తిగా దిగకముందే స్క్రీన్‌షాట్ తీస్తే వేరే ఫాంటో, ఖాళీ డబ్బాలో వస్తాయి.

ఒకే మూసలో పొట్టి వాక్యాలతో వేల బొమ్మలు కావాలంటే, రాక్మ్ ఉందని నిర్ధారించుకున్నాక పిల్లో మేలు. పేరాలు, రంగులు, నిలువు వరుసలు కలిసిన పోస్టర్లకు బ్రౌజరే నయం.