ఉన్నచోటే పని మెరుగుపరుచుకోవడమా, ఏడాదికో కంపెనీ మారడమా?

మా పిన్నమ్మ కొడుకు డిప్లొమా చేసి, పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో చేరి 14 నెలలైంది. మొన్న అనంతపురం బస్టాండులో కనబడి, "అన్నా, బెంగళూరులో 3 వేలు ఎక్కువిస్తారంట, పోదునా?" అన్నాడు.

మారితే జీతం పెరుగుతుంది, కాదనను. ఒకేచోట ఉంటే ఇంక్రిమెంటు టీ ఖర్చుకు కూడా చాలని కంపెనీలు చూసినాను. పీఎఫ్ భయమూ లేదు, ఎన్ని కంపెనీలు మారినా పీఎఫ్ ఖాతాలను కలిపే యూఏఎన్ నంబరు ఒకటే కాబట్టి పాత డబ్బును కొత్త ఖాతాకు మార్చుకోవచ్చు. కానీ వీడిప్పుడు ఇంట్లో సంగటి తిని కంపెనీ బస్సెక్కుతున్నాడు. బెంగళూరులో ఆ 3 వేలు గది బాడుగకే చాలవు.

ఇక ఉన్నచోట మెరుగుపడటం. జపానోళ్లు దీన్నే కైజెన్ అంటారు. టయోటాలో పనివాళ్ల సలహాలు తీసుకునే పద్ధతి 1951లోనే మొదలైంది. మన దగ్గరా గోడకు సలహాల పెట్టె ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు!

నేను కంపెనీలో రేకును మిషన్‌తో నొక్కి భాగాలు చేసే ప్రెస్ షాపులో ఉన్నప్పుడు, డై (రేకుకు ఆకారమిచ్చే అచ్చు) మార్చడానికి 50 నిమిషాలు పట్టేది. వారంపాటు వాచీ చూసి రాసుకుంటే, అందులో 18 నిమిషాలు స్పానర్లు, బోల్టులు వెతకడానికే పోతున్నాయి. ప్లైవుడ్ చెక్క మీద ఒక్కో స్పానరు ఆకారం పెయింటుతో గీసి, మేకులు కొట్టి తగిలించినాం. ఏది లేకున్నా ఆ ఖాళీ కంట్లో పడుతుంది. తర్వాత డైని బిగించే క్లాంపులు, బోల్టులు మిషన్ ఆపకముందే ట్రాలీలో సర్దడం మొదలుపెట్టినాం. ఆర్నెల్లకు 27 నిమిషాలకు వచ్చింది. తర్వాతి ఇంటర్వ్యూలో నా సర్టిఫికెట్లు తిరగేసి పక్కన పెట్టినారు. ఈ లెక్క రాసిన నోట్‌బుక్కు మీద మాత్రం అరగంట అడిగినారు.

అందుకే నా ఓటు ఇంకో ఏడాది ఉండటానికే. ఒక్క షరతు: పని నేర్చుకోనివ్వాలి. మూడుసార్లు చెప్పినా సూపర్‌వైజరు "నీ పని నువ్వు చూసుకో" అంటే, జీతం పెరగకపోయినా సరే, మారిపోవడమే మేలు.

"మిషన్ సెట్టింగు నీ చేతికిచ్చినారా?" అని అడిగినా.

"పోయిన నెల నుంచి ఇస్తున్నారన్నా."

"టైము రాసుకుంటున్నావా?"

"లేదన్నా."

బస్సుకింకా పది నిమిషాలుంది. పక్కనున్న అంగట్లో 20 రూపాయల నోట్‌బుక్కు కొనిచ్చినా.