మానిటర్ లేకుండా నడిచే కిట్ కొంటున్నారా? వచ్చిన రోజే కార్డు పరీక్షించండి

రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు, అడాప్టరు, ఆపరేటింగ్ సిస్టమ్ ముందే ఎక్కించిన 64 జీబీ మెమరీ కార్డు కలిపి అమ్ముతుంటే ఒక ఆన్‌లైన్ దుకాణంలో కొన్నాను. ‘మానిటర్, కీబోర్డు అక్కర్లేదు, కరెంటు ఇస్తే చాలు’ అని రాశారు. ఇంటి ఫొటోలన్నీ ఒకచోట దాచుకోవడానికి నాకు కావలసింది అదే. బోర్డు మంచిదే. మిగిలిన రెండూ నన్ను ముంచాయి.

మొదటి రోజే అనుమానించవలసింది. నెట్‌వర్క్ కేబుల్ తగిలించగానే రౌటర్ జాబితాలో బోర్డు కనిపించింది. ‘పై’ అనే పేరు, ‘రాస్ప్‌బెర్రీ’ అనే పాస్‌వర్డు కొడితే ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ మీదుగా బోర్డును నడిపే దారి) ద్వారా లోపలికి వెళ్లిపోయాను. రాస్ప్‌బెర్రీ పై వాళ్ల అధికారిక సిస్టమ్‌లో 2016 నవంబరు నుంచి ఎస్‌ఎస్‌హెచ్ మూసే ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి ఆ పేరూ పాస్‌వర్డూ అసలు రావు. అంటే ఎవరో పాత సిస్టమ్ ఎక్కించి, తలుపు తెరిచి, లోకమంతటికీ తెలిసిన తాళంచెవితో నాకు పంపారు. అలాంటి కార్డును మీ ఇంటి వైఫైలోకి రానివ్వకండి.

వెంటనే అంతా చెరిపి, కార్డు మీద సిస్టమ్ ఎక్కించే వాళ్ల ఉచిత ప్రోగ్రాం ఇమేజర్‌తో కొత్త సిస్టమ్ ఎక్కించాను. నాలుగు రోజులు బాగా నడిచింది. ఫొటోలు నింపుతూ పోయాక ఒక ఉదయం పలకడం మానేసింది. తెర లేనప్పుడు కష్టమంతా ఇక్కడే. కార్డు పాడైనా, వైఫై పాస్‌వర్డు తప్పినా, కరెంటు చాలకపోయినా మనకు తెలిసేది ఒకటే: రౌటర్‌లో బోర్డు లేదు. తప్పు నాదే అనుకున్నాను. పాత పాఠం చూసి వైఫై వివరాల ఫైలును కార్డులోని బూట్ భాగంలో (బోర్డు మొదట చదివే చోట) పెడుతూ రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. 2023 అక్టోబరులో వచ్చిన బుక్‌వర్మ్ అనే సిస్టమ్ వెర్షన్ నుంచి ఆ పద్ధతి పనిచేయదని తరువాత తెలిసింది. ఎర్రదీపం మధ్యమధ్య ఆరిపోవడం చూసి కూడా పట్టించుకోలేదు. ఓల్టేజి పడిపోతోందని బోర్డు చెప్పే మాట అది. అడాప్టరు మీద 2 ఆంపియర్లని ఉంది, పై 4కు 3 కావాలి.

తొమ్మిదో రోజున కార్డును ల్యాప్‌టాప్‌లో పెట్టి, మొత్తం చెరిపి, హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో నింపి, తిరిగి చదివించాను. 64 అని ముద్రించిన కార్డులో నిజంగా ఉన్నది 8 జీబీ లోపే. అది దాటాక రాసినదంతా గాలిలో కలిసింది. ఫోనులో కాపీలు ఉండబట్టి ఫొటోలు దక్కాయి. దుకాణంవారు మాత్రం ‘ఏడు రోజుల గడువు దాటింది’ అనే మాట తప్ప మరొకటి చెప్పలేదు. నన్ను నేను నిందించుకుంటూ గడిపిన రోజులే వాళ్లకు కలిసివచ్చాయి.

కాబట్టి కార్డు, అడాప్టరు విడిగా, బిల్లు ఇచ్చే నమ్మకమైన చోట కొనండి. పేరు, పాస్‌వర్డు, వైఫై, దేశం, ఎస్‌ఎస్‌హెచ్ అన్నీ ఇమేజర్‌లోనే ముందుగా నింపవచ్చు. ఇప్పటికే కిట్ కొనేసి ఉంటే, బోర్డులో పెట్టకముందే కార్డును మొత్తం చెరిపి ఈ పరీక్ష చేయండి. పెద్ద కార్డుకు గంటలు పడుతుంది, రాత్రి మొదలుపెట్టి పడుకోండి.