పద్మనాభం నుంచి బొబ్బిలి దాకా: ఒక్క రోజులో రెండు యుద్ధభూములు

సంక్రాంతి వెళ్ళిన వారానికి మా నాన్న, మేనల్లుడు, నేను వైజాగ్‌లో దిగాం. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగింది కాబట్టి ఆ రోజుల్లోనే అక్కడ నిలబడాలని నాన్న కోరిక. చిన్నప్పుడు బుర్రకథల్లో రాత్రంతా కూర్చుని విన్న కథ ఆయనకది. డెబ్భై ఏళ్ళు దాటాక కూడా ఆ నేల తొక్కలేదంటే నాకే బాధ వేసింది.

ఒక్క రోజులో ఏమేం చూడగలం అని ముందు రాత్రి కాగితం మీద రాసుకున్నాం. పద్మనాభం, విజయనగరం, బొబ్బిలి, వీలైతే రాజాం. మొదట కొట్టేసింది రాజాం. బొబ్బిలి యుద్ధం నాడు బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు ఉన్నది అక్కడే, కబురు అందేసరికి ఆలస్యమైంది అక్కడే. మనసు లాగుతుంది, నిజమే. కానీ దాన్ని కలిపితే ఏ చోటా పావుగంట మించి నిలబడలేం. పరిగెత్తుతూ చూసే చోట్లు కావు ఇవి.

వరస విషయంలో ఒక మాట. చాలామంది నేరుగా బొబ్బిలి వెళ్ళి, వస్తూ మిగతావి చూస్తారు. మేం తిరగేసి పద్మనాభం ముందు పెట్టుకున్నాం. అక్కడ కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడికి వెయ్యికి పైగా మెట్లున్నాయి, ఎండెక్కితే ఎక్కలేం. ఇంకో కారణం, 1794 జూలై 10న అక్కడి యుద్ధం తెల్లవారుజామునే మొదలైంది. ఆ వేళకి అక్కడ ఉంటే బాగుంటుందనిపించింది.

అనుకున్నంత ఒకటి, అయినంత ఒకటి. ఐదింటికి రావలసిన కారు ఆరున్నరకి వచ్చింది. ముందు రోజు చెప్పిన పెద్ద బండి కాదు, చిన్నది పంపారు. డీజిల్‌తో కలిపి రోజంతటికీ మాట్లాడుకున్న రేటులో పైసా తగ్గించలేదు. పైగా బొబ్బిలి దాకా అని మాకు చెప్పలేదంటూ డ్రైవరు మొదట్లో ముఖం మాడ్చుకున్నాడు. అందుకే చెబుతున్నా: వెళ్ళే ఊళ్ళన్నీ పేరుపేరునా రాసి, ఆగే చోట్లతో సహా మెసేజ్ పెట్టి, సరేనన్న జవాబు వచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి. డ్రైవరు తప్పేం లేదు పాపం, దారిలో టీ తాగుతూ కథ వింటుంటే అతనే మెత్తబడ్డాడు.

ఆనందపురం మీదుగా పద్మనాభం చేరేసరికి మంచు ఇంకా పూర్తిగా విడలేదు. నాన్న మోకాళ్ళకి మెట్లు కష్టం కాబట్టి ఆయన్ని కింద కుంతీమాధవస్వామి గుడి దగ్గర కూర్చోబెట్టి, నేనూ మేనల్లుడూ సగం దాకా ఎక్కాం. అక్కడి నుంచి కింద పొలాలు, తోటలు, ఊరు అన్నీ కనిపిస్తాయి. గైడు లేడు, కాబట్టి కథ నేనే చెప్పాను.

విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీకి బాకీ పడ్డాడు. జమీ లాక్కుని, నెలకి 1200 రూపాయలిస్తాం, మచిలీపట్నం వెళ్ళి ఉండమన్నారు. ఆయన మచిలీపట్నం వెళ్ళలేదు, ఇక్కడికొచ్చాడు. తన మనుషులతో ఈ దేవుడి కొండ కింద విడిది చేశాడు. లెఫ్టినెంట్ కల్నల్ ప్రెండర్‌గాస్ట్ పటాలం తెల్లారకుండానే వచ్చి పడింది. ముప్పావు గంటలో అంతా అయిపోయింది. రాజూ, ఆయన వెంట నిలబడ్డ సర్దారులూ అక్కడే పడిపోయారు.

"ముప్పావు గంటేనా మావయ్యా?" అన్నాడు వాడు. మేం మెట్లెక్కడానికి అంతకన్నా తక్కువేం పట్టలేదు. ఆ మాటతో వాడు కాసేపు ఏం మాట్లాడలేదు.

సమాధి ఎక్కడుందో అడిగితే పూలు కడుతున్న ముసలమ్మ చేత్తో చూపించింది. "రాజుగోరి సమాదా బాబూ, అటేపుంది. ఎవులూ ఎల్లరు." వెళ్ళి చూస్తే నిజంగానే ఎవరూ వచ్చిన జాడ లేదు. చుట్టూ గడ్డి మొలిచింది. నాన్న వంగి, తన తువ్వాలుతో రాతి మీద ఎండాకులు తుడిచారు, నెమ్మదిగా, అంచులు కూడా. గుడికొచ్చే వందల మందిలో పదిమంది ఇటు నడిచినా ఈ చోటు ఇలా ఉండదు. వెళ్ళేవాళ్ళు దయచేసి ఆ పది నిమిషాలు కేటాయించండి.

విజయనగరంలో ఆగి టిఫిన్ చేశాం. ఉప్మా పెసరట్టు, అల్లం పచ్చడి, బాగుంది. అక్కడి నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా బొబ్బిలికి గంటన్నర పట్టింది. రైల్లో వెళ్ళదలిస్తే విజయనగరం నుంచి పార్వతీపురం వైపు వెళ్ళే బండ్లు బొబ్బిలిలో ఆగుతాయి, కానీ రోజులో తిరిగి రావాలంటే వేళలు ముందే చూసుకోవాలి.

బొబ్బిలిలో పాతకోట కోసం వెతక్కండి. అది మట్టికోట, 1757లోనే పోయింది. ఇప్పుడు ఊళ్ళో కనిపించే కోట తర్వాతి కాలపు రాజకుటుంబానిది, అడక్కుండా లోపలికి వెళ్ళే చోటు కాదు. యుద్ధానికి గుర్తుగా ఉన్నది 1891లో బొబ్బిలి మహారాజా నిలబెట్టించిన స్మారక స్తంభం. చూడడానికి ఐదు నిమిషాలు చాలు. "ఇంతేనా?" అని వెనుదిరిగే వాళ్ళని చూశాను. వాళ్ళని తప్పు పట్టలేను, చెప్పేవాళ్ళు లేకపోతే రాయి రాయిగానే ఉంటుంది.

ఇక్కడ కథ చెప్పింది నాన్న. హద్దుల తగాదాలు, ఏటి నీళ్ళ తగాదాలు విజయనగరం, బొబ్బిలి సంస్థానాల మధ్య ఏళ్ళ తరబడి రాజుకుంటూ ఉన్నాయి. ఫ్రెంచి సేనాని బుస్సీ దండుతో వస్తే విజయనగరం రాజు పెద్ద విజయరామరాజు అతన్ని బొబ్బిలి మీదికి తెచ్చాడు. ఫిరంగులు మట్టిగోడలకి గండ్లు కొట్టాయి. ఇక నిలవదని తెలిశాక బొబ్బిలి రాజు రంగారావు మనుషులు కోటలోని ఆడవాళ్ళనీ పిల్లల్నీ శత్రువు చేతికి చిక్కకుండా తామే చంపుకున్నారు. ఆ మాట దగ్గర నాన్న గొంతు పట్టేసింది. బుర్రకథలో ఆ ఘట్టం వచ్చినప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళు ఎలా ఏడ్చేవాళ్ళో చెప్పి, మిగతాది నన్ను చెప్పమన్నారు. రంగారావు కొడుకు, చిన్న పిల్లవాడు, ప్రాణాలతో బయటపడ్డాడు. మూడో రాత్రి పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజుని పొడిచి చంపాడు.

అప్పుడు మేనల్లుడే పట్టుకున్నాడు. "పొద్దున చూసినాయన కూడా విజయరామరాజే కదా?" అవును, అదే ఇల్లు. ఫ్రెంచివాళ్ళని తెచ్చుకుని బొబ్బిలిని కూల్చిన 37 ఏళ్ళకి, ఆ వారసుణ్ణి ఇంగ్లీషువాళ్ళు పద్మనాభంలో చంపారు. ఈ రెండు చోట్లూ ఒకే రోజు చూడాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. విడివిడిగా చూస్తే రెండు వీరగాథలు. కలిపి చూస్తే, ఇంటి తగాదాకి బయటివాణ్ణి పిలిచిన లెక్క ఎక్కడ తేలిందో కళ్ళకి కడుతుంది.

భోజనం బస్టాండు దగ్గర మామూలు మెస్సులో. పప్పు, వంకాయ కూర, గడ్డపెరుగు, వేడిగా కడుపునిండా పెట్టారు. ఆ తర్వాత గంటసేపు గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళ దగ్గర గడిపాం. యుద్ధానికీ దీనికీ సంబంధం లేదు, అయినా వదలొద్దు. పనస దుంగని తొలిచి కుండ, దండి ఒకే కొయ్యలోంచి తీస్తారు. పసుపుపచ్చని రజను కాళ్ళకి అంటుకుంటోంది. ఒక పెద్దాయన కుండ లోపల ఉలితో కాస్త చెక్కడం, వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గడం, మళ్ళీ చెక్కడం. "మందం ఎక్కువుంటే మూగది అయిపోద్దండి" అన్నాడు. పక్కన ఇంకొకాయన మైనంలో తీగల కింద ఉండే 24 మెట్లు ఒక్కొక్కటే సర్దుతున్నాడు. బహుమతులకిచ్చే చిన్న బొమ్మ వీణలు కూడా ఉన్నాయి, బేరమాడకుండా ఒకటి కొన్నాం.

బస గురించి. ముందు రాత్రి వైజాగ్‌లో, ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఉన్నాం. గది శుభ్రంగా ఉంది, వేణ్ణీళ్ళు వచ్చాయి, కానీ చోటు తప్పు. విజయనగరంలో పడుకుంటే పద్మనాభం చాలా దగ్గర, పొద్దున్నే గంట నిద్ర మిగులుతుంది. పెద్దవాళ్ళుంటే విజయనగరమే మేలు. గదులు సాదాగా ఉంటాయి, లిఫ్టు ఉందో లేదో అడిగి తీసుకోండి. నీళ్ళ సీసాలు, టోపీ వెంట ఉండాలి. ఆడవాళ్ళకి మరుగుదొడ్డి దారి పొడవునా ఇబ్బందే, పెట్రోలు బంకులూ భోజనం చేసే హోటళ్ళూ చూసుకుని ఆగాల్సిందే.

విజయనగరం చేరేసరికి పొద్దు వాలింది. కోటని బయటినుంచే చూశాం, లోపల ఇప్పుడు కాలేజీలు నడుస్తున్నాయి. మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి గుడిలో మాత్రం చాలాసేపు కూర్చున్నాం. ఆవిడ పెద్ద విజయరామరాజు చెల్లెలని, బొబ్బిలి మీదికి వెళ్ళొద్దని అన్నని బతిమాలిందని, ఆయన ఆపద కలలో కనిపించి చెప్పడానికి బయల్దేరి దారిలోనే సొమ్మసిల్లిందని, ఆమె చెప్పినట్టే పెద్దచెరువులో విగ్రహం దొరికిందని ఇక్కడి వాళ్ళ నమ్మకం. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను ఉత్సవం ఆవిడకే.

నాన్న పద్మనాభం నుంచి తెచ్చిన పూలలో మిగిలిన మూర అమ్మవారికిచ్చారు. డ్రైవరు కూడా లోపలికొచ్చి దణ్ణం పెట్టుకుని, స్టేషను దాకా దింపి, సామాను తనే ప్లాట్‌ఫారం మీదికి మోశాడు.