రెండు బ్యాండ్ల వైఫై రౌటర్: పెట్టె మీది వేగం, ఇంట్లో అందే వేగం

ఆరు నెలలుగా మా ఇంట్లో వాడుతున్న ఈ రౌటర్ పెట్టె మీద 1200 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) అని పెద్ద అక్షరాలతో ముద్రించారు గానీ, అది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల బ్యాండ్‌లోని 300నూ, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లోని 867నూ కూడి, పైకి సవరించి వేసిన అంకే తప్ప ఏ ఒక్క ఫోనుకూ అందే వేగం కాదని కొనేవారు ముందే తెలుసుకోవాలి. హాల్లో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ చాలా చురుగ్గా ఉంటుంది. రెండు గోడల అవతలి పడకగదిలో మాత్రం 2.4 బ్యాండే నిలకడగా పనిచేస్తోంది. అపార్ట్‌మెంటులో ఇరుగుపొరుగు రౌటర్లన్నీ 2.4 బ్యాండ్‌లోని ఒకే చిన్న భాగం, అంటే ఒకే ఛానల్‌పై పోటీపడుతుండగా, ఒకదానితో ఒకటి కలవని 1, 6, 11 ఛానళ్లలో రద్దీ తక్కువున్నదాన్ని సెట్టింగుల్లో ఎంచుకున్నాకే వీడియో కాల్స్ తెగడం ఆగింది. ఎస్ఎస్ఐడీని, అంటే నెట్‌వర్క్ పేరును, బ్యాండ్‌కొకటిగా పెట్టుకునే వీలు నాకు బాగా నచ్చింది. వైఫైకి వాడే కొత్త తరం భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ3 లేకపోవడం పెద్ద లోటు.